శత్రువు రాసిన వంశవృక్షం

పాస్టన్ అనే ఊళ్ళో క్లెమెంట్ పాస్టన్ అని ఒక మామూలు సేద్యగాడు ఉండేవాడు. ఏడాది పొడుగునా ఒక నాగలి కట్టేవాడు, బార్లీ విత్తే అదునులో ఒక్కోసారి రెండు. ఎండైనా చలైనా మేడి తనే పట్టేవాడు. జీను లేని గుర్రం మీద గింజల మూట వేసుకుని, దానిమీదే కూర్చుని మరకు వెళ్ళేవాడు; పిండి పట్టించుకుని అలాగే తిరిగొచ్చేవాడు. నూరెకరాలో, మహా అయితే నూటఇరవయ్యో. అందులోనూ చాలా భాగం గిమింగమ్ హాల్ దొరతనం కింద వెట్టి భూమి. వాగు ఒడ్డున ఒక చిన్న నీటిమర. చేసుకున్నది వెట్టి కుటుంబపు పిల్లని. ఆమె అన్నదమ్ముడు జెఫ్రీ సోమర్టన్ పాపక్షమాపణ పత్రాలు అమ్ముకుంటూ, ప్లీడరీ కూడా చేస్తూ నాలుగు డబ్బులు వెనకేశాడు. అతని అసలు ఇంటిపేరు సోమర్టన్ కాదు, గోనెల్డ్. క్లెమెంట్ తరచూ అప్పులు చేసి కొడుకు విలియమ్‌ని బడికి పంపాడు. మేనమామ సాయంతో ఆ కుర్రాడు లా చదివి, చివరికి జడ్జీ అయ్యాడు.

15వ శతాబ్దం నడుమ, ఇంగ్లండ్ తూర్పు తీరంలోని నార్‌ఫోక్‌లో, పాస్టన్ కుటుంబమంటే గిట్టనివాళ్ళెవరో రాసిన కాగితం సారాంశం ఇది. రాసినవాడి పేరు లేదు. ఉద్దేశం మాత్రం దాగలేదు: పెద్దమనుషులుగా చలామణీ అవుతున్న వీళ్ళు తాతల నాడు వెట్టివాళ్ళని లోకానికి చాటడం.

ఇదే కుటుంబానికి ఇంకో వంశవృక్షం ఉంది. అది 1466 జూలైలో రాజు నాల్గవ ఎడ్వర్డ్ చేత ఒప్పించుకున్నది. పాస్టన్లు పాత దస్తావేజులు, కోర్టు చుట్టలు తెచ్చి చూపించారు. తమ మూలపురుషుడు ఉల్‌స్టన్ ఫ్రాన్సు నుంచి వచ్చాడనీ, బ్రొమ్‌హోమ్ మఠం కట్టించిన గ్లాన్‌విల్‌కి చుట్టమనీ, తాము వెట్టివాళ్ళు కాకపోగా తమకే వెట్టివాళ్ళు ఉండేవారనీ చెప్పుకున్నారు. రాజు సరేనన్నాడు. ఉల్‌స్టన్ అన్న పేరు ఫ్రాన్సు నుంచి నార్మన్లు రాకముందు నుంచీ ఇంగ్లండ్‌లో ఉన్న పేరు. ఫ్రాన్సు నుంచి దిగివచ్చిన వీరుడికి ఆ పేరు పెట్టినవాళ్ళు ఈ ఒక్కచోట కాస్త తొందరపడ్డట్టున్నారు.

పరువు సంగతి అటుంచి, పాస్టన్ల ఆస్తంతా ఈ వాదం మీదే వేలాడుతోంది. వెట్టివాడు కొన్నది ఏదైనా దొర స్వాధీనం చేసుకోవచ్చునని నాటి చట్టం. జడ్జీ విలియమ్ కొడుకు జాన్ పాస్టన్‌కి 1459లో సర్ జాన్ ఫాస్టాల్ఫ్ చనిపోతూ కైస్టర్ కోటతో సహా అపారమైన ఆస్తి రాసిచ్చాడని పాస్టన్ల వాదన. పోయేముందు నోటిమాటగా చెప్పిన వీలునామా అది. ఎందరికి కన్నుకుట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. జాన్ 1465లో లండన్ ఫ్లీట్ జైల్లో ఉన్నాడు. 1466 మేలో పోయాడు. ఆయన పోయిన రెండు నెలలకు ఆయన తమ్ముళ్ళూ కొడుకూ రాజుగారి మాట సంపాదించారు.

ఒకటి శత్రువు రాసింది, ఇంకొకటి సొంతవాళ్ళు రాయించుకుని రాజముద్ర వేయించుకున్నది. వంశచరిత్ర తెలిసినవాళ్ళు నమ్మేది మొదటిదాన్నే, అదీ పూర్తిగా కాదు. దానిలో మెచ్చుకోవాల్సింది వివరాల బరువు. బాక్టన్ మేనర్ అనే ఎస్టేటులో అయిదో వంతులో సగం విలియమ్ కొన్నాడనే దాకా పోతుంది. సరిచూసుకోగలిగిన చోట అబద్ధమాడితే దొరికిపోతానని రాసినవాడికి తెలుసు. చాకచక్యం చూపించింది ఇంకోచోట. క్లెమెంట్ సాగు చేసేది వెట్టి భూమి అని చెప్పి, క్లెమెంటే వెట్టివాడేమో అన్న భ్రమ కలిగిస్తాడు. నిజానికి స్వతంత్రుడు వెట్టి భూమిని కౌలు చేస్తే అతని స్వాతంత్ర్యం పోదు. భూమి అంతస్తు వేరు, మనిషి అంతస్తు వేరు. ఆ తేడా పట్టుకోలేనివాళ్ళు ఈ కాగితం చదివి బోల్తా పడతారు.

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఒక కుటుంబాన్ని వెనక్కి వెతుక్కుంటూ పోయే విద్య అంతా ఇలాంటి తూకమే. జ్ఞానస్నానం, పెళ్ళి, ఖననం ప్రతి చర్చిలోనూ రిజిస్టరు కట్టాలని రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశించింది 1538లో. అంతకు ముందు మనుషుల్ని మనుషులుగా లెక్క రాసినవాడు లేడు. భూమిని రాశారు, పన్నును రాశారు, జరిమానాను రాశారు. వాటి పక్కన పేర్లు పడ్డాయి. అందుకే వెతికేవాళ్ళు ముందు పేరును కాదు, పొలాన్ని పట్టుకుంటారు. ఆ పొలం ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్ళిందో చూస్తే తండ్రీ కొడుకులు తామే బయటపడతారు.

వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మేనర్ కోర్టు చుట్టలు. దొర ఎస్టేటు కోర్టు కొన్ని వారాలకో నెలలకో ఒకసారి కూడేది. రైతు చనిపోతే వారసుడు కోర్టుకి వచ్చి, తండ్రి భూమి తనకివ్వమని అడిగి, రుసుము కట్టాలి. చాలాచోట్ల చచ్చినవాడి మందలోంచి మేలైన పశువును దొర తోలుకుపోయేవాడు. గుమస్తా అదంతా తోలు చుట్ట మీద రాసి, ఆ పంక్తుల నకలు రైతు చేతికిచ్చేవాడు. మన పట్టాదారు పాసుపుస్తకం లాంటిదే ఆ నకలు. వెట్టివాడి కూతురు పెళ్ళయితే దానికీ రుసుమే, దానికీ ఒక పంక్తే. దొర పిండుకున్న ప్రతి పెన్నీ వల్ల ఒక చావో, ఒక వారసుడో, ఒక పెళ్ళో నేటికి మిగిలాయి. 1349లో ప్లేగు వచ్చిన ఏటి చుట్టలు విప్పితే వారసుల పద్దులు పేజీలకు పేజీలు సాగుతాయి.

అయితే 1381లో రైతులు తిరగబడినప్పుడు నార్‌ఫోక్‌లోనూ పక్క కౌంటీల్లోనూ మొదట తగలబెట్టినవాటిలో ఈ చుట్టలున్నాయి. తాము వెట్టివాళ్ళమని రుజువు చేసే సాక్ష్యం అదేనని వాళ్ళకు బాగా తెలుసు. వాళ్ళని తప్పు పట్టలేం. క్లెమెంట్ కొడుకు విలియమ్‌కి అప్పటికి మూడేళ్ళు.

ఆస్తిపరులకైతే దారి ఇంకొంచెం వెడల్పు. రాజు దగ్గర నేరుగా భూమి పట్టినవాడు పోగానే రాజోద్యోగి ఒకడు వచ్చి, ఊరివాళ్ళతో పంచాయితీ కూర్చోబెట్టి అయిదు సంగతులు రాయించుకునేవాడు: ఏయే భూములు, ఎవరి కింద, ఎప్పుడు పోయాడు, వారసుడెవరు, అతని వయసెంత. 13వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా ఈ విచారణలు నడిచాయి. వారసుడు మైనరైతే అతని ఆస్తి మీద పెత్తనం, అతని పెళ్ళి చేసే హక్కు రాజువి. వయసు అడగడం అందుకే.

కుర్రాడికి 21 నిండాక భూమి తిరిగి తీసుకోవాలంటే వయసు నిరూపించుకోవాలి. జన్మపత్రిక ఉండదు కాబట్టి సాక్షులు జ్ఞాపకాలు చెప్పేవారు. అతని నామకరణం రోజునే నేను గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను, అంటాడొకడు. ఆ రోజే మా ఇల్లు కాలిపోయింది, అంటాడింకొకడు. మా అబ్బాయికీ అదే రోజు జ్ఞానస్నానం, అంటాడు మూడోవాడు. చదువుతుంటే ఆ ఊరే కళ్ళ ముందు కదులుతుంది. ఆ తర్వాత వేరే వారసుడి కేసులో, వేరే సాక్షుల నోట, అవే విరిగిన కాళ్ళు, అవే కాలిన ఇళ్ళు ఎదురవుతాయి. గుమస్తాలు పాత పత్రం దగ్గర పెట్టుకుని పేర్లు మార్చి రాసిన సందర్భాలను పరిశోధకులు పట్టుకున్నారు. వారసుడి వయసు నిజమే కావచ్చు. ఆ కాలు విరగడం మాత్రం నమ్మడానికి లేదు.

భూమి చేతులు మారినప్పుడు ఉత్తుత్తి దావా వేసి, కోర్టులో రాజీ పడ్డట్టు రాయించుకోవడం ఇంకో ఆచారం. ఒకే తోలు మీద ఆ ఒప్పందం మూడుసార్లు రాసి, వంకరటింకరగా కోసి, ఇరుపక్షాలకీ చెరొకటి ఇచ్చి, అడుగు ముక్క కోర్టు ఉంచుకునేది. 1195 నుంచి ఆ అడుగు ముక్కలు భద్రంగా ఉన్నాయి. లండన్ శివార్లలో క్యూ అనే చోట, జాతీయ పత్రాలయంలో వాటిని చూడొచ్చు. దొంగ దస్తావేజు పుట్టించేవాడికి ఇది పెద్ద అడ్డంకి, ఎందుకంటే అతని దగ్గరున్న ముక్క కోత ఆ అడుగు ముక్క కోతతో కలవాలి.

ఇక చదవడం. కోర్టు చుట్టలు చాలావరకు లాటిన్, అదీ సగం సగం మింగేసిన లాటిన్. మాట మీద గీత కనిపిస్తే అక్కడ అక్షరాలు ఎగిరిపోయాయని అర్థం. తేదీలు మరీ గడుసు. నాల్గవ ఎడ్వర్డ్ రాజు ఆరో ఏట సెయింట్ మైకేల్ పండుగ తర్వాతి మంగళవారం అని ఉందనుకోండి. నాల్గవ ఎడ్వర్డ్ ఏలుబడి 1461 మార్చి 4న మొదలైంది కాబట్టి ఆరో ఏడు 1466 మార్చిలో మొదలవుతుంది. మైకేల్ పండుగ సెప్టెంబరు 29, ఆ ఏడు అది సోమవారం. కాబట్టి మన తేదీ 1466 సెప్టెంబరు 30. పైగా వాళ్ళ సంవత్సరాది మార్చి 25. జాన్ భార్య మార్గరెట్ వీలునామా తేదీ ఫిబ్రవరి 4. వాళ్ళ లెక్కలో అది 1481, మన లెక్కలో 1482. ఈ ఒక్క సంగతి మరిచినందుకు తండ్రి పోయిన ఏడాదికి కొడుకు పుట్టినట్టు రాసిన వంశవృక్షాలు ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

పేర్ల గోల చెప్పనే లేదు. 1466లో పోయిన జాన్‌కి పెద్దకొడుకు జాన్. రెండో కొడుకూ జానే. ఇద్దరూ పెరిగి పెద్దయ్యారు, ఇద్దరూ బోలెడు ఉత్తరాలు రాశారు. పెద్దవాడికి 1463లో సర్ బిరుదు వచ్చింది, పెళ్ళి కాకుండానే 1479లో పోయాడు. చిన్నవాడు మార్జరీ బ్రూస్‌ని పెళ్ళి చేసుకుని 1504 దాకా బతికాడు. ఏ పత్రంలోనైనా జాన్ పాస్టన్ అని మాత్రమే ఉంటే ముగ్గురిలో ఎవరో తేల్చాలి. బిరుదు ఉందా, భార్య పేరుందా, చేతిరాత ఎవరిది, ఏ పొలం మాట. ఒకే పేరు కాబట్టి ఒకే మనిషి అనుకోవడమే ఈ రంగంలో అన్నిటికంటే పాత తప్పు.

ఆడవాళ్ళ జాడ పత్రాల్లో పలచన. కట్నం, మనోవర్తి భూమి, పుట్టింటి ఆస్తి: ఎక్కువగా ఈ మూడు చోట్లే దొరుకుతారు. మార్గరెట్ అలా మరుగున పడే మనిషి కాదు. ఆమె మాట్‌బీ వంశానికి ఏకైక వారసురాలు. భర్త సమాధి బ్రొమ్‌హోమ్ మఠంలో ఉంటే, తనను మాత్రం మాట్‌బీ ఊరి చర్చిలో తన పూర్వీకుల పక్కన పెట్టమంది. రాతిపలక మూలల్లో ఏయే కులచిహ్నాలు చెక్కాలో వీలునామాలో వరసగా చెప్పింది. ఒక మూల పాస్టన్, మాట్‌బీ కలిసి. ఒక మూల మాట్‌బీ, తల్లి పుట్టిల్లయిన బెర్నీ. మిగతా రెండు మూలల్లో అంతకు వెనకటి పెళ్ళిళ్ళు. నడిమధ్యలో మాట్‌బీ చిహ్నం ఒక్కటే. అంటే తన తరపు వియ్యాలన్నీ వరస పెట్టి చెప్పింది, భర్త వంశానికి ఒక మూల ఇచ్చింది. ఆ రాయి ఉన్న పక్కభాగం కూలిపోయి చాలాకాలమైంది. రాయి ఎలా ఉండాలో చెప్పిన వీలునామా మిగలడం వల్ల ఆ వియ్యాలు మనకు దక్కాయి.

పాస్టన్ల ఉత్తరాలు దక్కడం కూడా అదృష్టమే. పాస్టన్ల వంశంవాడైన రెండో ఎర్ల్ ఆఫ్ యార్‌మత్ 1732లో పోవడంతో ఆ బిరుదు అంతరించింది, అప్పుల్లో మునిగిన ఇంటి కాగితాలు చేతులు మారాయి. చివరికి జాన్ ఫెన్ అనే ఆయన 1787లో అచ్చు వేయడం మొదలుపెట్టాడు. 1865లో హర్మన్ మెరివేల్ అనే ఆయన ఇవి అసలువేనా అని పత్రికలో సందేహం లేవనెత్తాడు. ఆ గొడవ నడుస్తుండగానే అసలు కాగితాలు కొన్ని బయటపడి అనుమానం తీరింది. ఇప్పుడు ఎక్కువ భాగం బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

జాగ్రత్త తెలిసినవాళ్ళు ఈ కుటుంబాన్ని క్లెమెంట్ దాకా సిరాతో రాస్తారు. అతను 1419లో పోయాడు. తనను పాస్టన్ చర్చిలో భార్య బీట్రిస్ సమాధి పక్కన పెట్టమని వీలునామా రాశాడు. భార్య పేరు అక్కడ దొరుకుతుంది. ఆమె పుట్టింటి పేరు, ఆమె అన్నదమ్ముడి వృత్తి, కొడుకు చదువుకైన అప్పు మాత్రం ఆ గిట్టనివాడి కాగితంలోనే దొరుకుతాయి. క్లెమెంట్‌కి అవతల రాసేదంతా పెన్సిలే. ఉల్‌స్టన్ దాకా పోవాలనుకునేవాళ్ళు రాజుగారి మాట నమ్మి పోవాల్సిందే.