భారతమున ధర్మరాజు : అనుభవపరిపాకము

విద్య గురుముఖమున లభించుననియు, వివేకము కాలక్రమమున అలవడుననియు పెద్దలు చెప్పుదురు. ఈ రెండింటికి నడుమ అనుభవమను మూడవది యొకటి కలదు. వినిన ధర్మము మనుష్యుని స్వభావముగా మాఱుటకు అనుభవ మే రీతిగా తోడ్పడునను ప్రశ్నకు భారతమున ధర్మరాజు చరిత్రమువలె సమగ్రమైన ఉదాహరణము వేఱొకటి అరుదు. ఆ చరిత్రము నీ దృష్టితో పరిశీలించుట మా యుద్దేశము.

దీనికి మొదటనే యొక యాక్షేపము కలదు. ధర్మరాజు యమధర్మరాజు వరమున జన్మించినవాడు, పుట్టుకతోనే ధర్మమూర్తి. కష్టము లాతని గుణమును వెల్లడించినవే కాని పెంచలేదు; నవలలలో మనము వెదకు పాత్రపరిణామమును ఇతిహాసమున వెదకుట కాలవిరుద్ధము; అని కొందఱి వాదము. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ఓర్పు, సత్యమునం దాసక్తి, పెద్దలయెడ వినయము ఆతనికి మొదటినుండియు ఉన్నవే. అయినను సభాపర్వమున జూదమాడుచు కూర్చున్న ధర్మరాజును, స్వర్గారోహణపర్వమున నరకమున నిలిచిన ధర్మరాజును ప్రక్కప్రక్క నుంచి చూచినచో, ఆ యిద్దఱి నడుమ గల దూరము పుట్టుకతో వచ్చిన గుణములచేత మాత్రమే నిండునది కాదని తోచును.

సభాపర్వమున ఆత డొడ్డినది ధనము మాత్రమే కాదు. నకుల సహదేవులను, అర్జునుని, భీముని, తుదకు తన్ను, తరువాత ద్రౌపదిని ఒడ్డెను. తన్ను నమ్ముకొనియున్న వారిని తన సొమ్మువలె భావించుట ఇచ్చటి దోషము. తన్ను ముందుగా ఓడిన వానికి నన్నొడ్డు నధికార మున్నదా యని ద్రౌపది వేసిన ప్రశ్నకు ఆత డుత్తర మీయలేదు. ధర్మగతి సూక్ష్మమని పలికిన భీష్ముడును తేల్చి చెప్పలేకపోయెను. ధర్మశాస్త్రము నెఱిగిన వారందఱు కూర్చున్న సభలో ఆ శాస్త్రము మూగవోయినది.

అనుభవమే గురువైనచో ధర్మరాజునకు ఆ నాడే కనువిప్పు కావలసినది. కాని జరిగిన దేమి? పోయిన రాజ్యము తిరిగి లభించిన వెంటనే పిలుపు రాగా మరల జూదమునకు పోయెను. ఈ యనుద్యూతము మా వాదమునకు మిక్కిలి ముఖ్యమైన ఘట్టము. దెబ్బ తగిలినంతమాత్రమున ఎవ్వడును నేర్వడు. అనుభవము జ్ఞానమగుటకు దానిని మోయుటకు కాలమును, దానికి పేరు పెట్టుటకు ఒక మాటయు కావలెను. పండ్రెండేండ్ల వనవాసము, ఒక యేటి యజ్ఞాతవాసము ఆ కాలము నిచ్చినవి. బృహదశ్వుడు చెప్పిన నలోపాఖ్యానము ఆ మాట నిచ్చినది. తనవలెనే జూదమున సర్వము కోల్పోయిన రాజొక డుండెనని వినినప్పుడు తన కష్టము తనదొక్కటియే కాదని ధర్మరాజునకు తెలిసినది. ఆ ఋషి కథతో నూరకుండక అక్షహృదయమును గూడ ఉపదేశించుట గమనింపదగినది. తప్పు జరిగిన చోటనే విద్య మొదలైనది.

ఆ విద్యకు పరీక్ష విరాటపర్వమున వచ్చినది. తన్ను చెఱచిన పాచికలనే జీవనోపాధిగా చేసికొని ఆతడు కంకుభట్టను పేర విరటుని కొలువు చేరెను. ఉత్తరగోగ్రహణానంతరము విరటుడు కొడుకు విజయమును పొగడుచుండ, కంకుడు బృహన్నలను పొగడెను. విరటుడు కోపించి పాచికతో ఆతని మొగమున కొట్టెను. ఒకనాడు తన చేతినుండి వెడలి తనవారిని దాస్యమున ద్రోసిన పాచిక నేడు తన మొగమునుండి నెత్తురు చిందించినది. ఆ నెత్తురు నేల బడకుండ కాపాడినది ఒకనాడు పణముగా పెట్టబడిన ద్రౌపదియే. ఇచ్చట ధర్మరాజు కోపింపలేదు. పైగా తన రక్తము చూచినచో అర్జునుడు విరటుని బ్రదుకనీయడని ఎఱిగి, బృహన్నలను వెంటనే లోనికి రానీయకుండ జాగ్రత్తపడెను. తన్ను కొట్టినవాని ప్రాణమును గూర్చి చింతించిన యీ రాజు ద్యూతసభలోని రాజు కాడు.

ఐనను ఈ పెరుగుదల మెట్టు మెట్టుగా పైకే సాగినదనుట సరికాదు. ద్రోణుని వధకై పలికిన అర్ధసత్యము ఆతని చరిత్రమున మఱియొక మచ్చ. భూమికి అంటక నడచిన రథము నేల నానెనని కథ. పదునెనిమిది దినముల యుద్ధము ముగిసిన పిమ్మట, కర్ణుడు తన యన్నయని కుంతివలన తెలిసినప్పుడు కలిగిన దుఃఖము వీనియన్నిటికంటె గొప్పది. ఆ దుఃఖమున ఆతడు చేసిన మొదటి పని పరిపక్వమైనది కాదు. స్త్రీలకు రహస్యము దాగకుండుగాక యని శపించెను. ఆడవారి నోట నువ్వుగింజ నానదను సామెతను మనవారు ఈ శాపముతో ముడివెట్టి చెప్పుకొందురు. పిమ్మట రాజ్యమును విడిచి అడవికి పోదుననెను. నెపము నొరులపై మోపుటయు, కర్తవ్యమును విడిచి తొలగిపోవుటయు దుఃఖార్తుని తొలి చేష్టలు. కవి వీనిని దాచకుండుట భారతము గొప్పతనము.

శాంతిపర్వము విలువ ఇచ్చట తెలియును. తరగతులలో విరాటోద్యోగపర్వములకు గల యాదరము శాంత్యానుశాసనికపర్వములకు లేదు. అవి కథను నిలిపివేసిన నీతిసంపుటములని విద్యార్థులు తలంతురు. బోధకులును కొందఱట్లే చెప్పుదురు. మా యభిప్రాయము వేఱు. యక్షప్రశ్నలకు చక్కని సమాధానములిచ్చిన ధర్మరాజునకు ధర్మము తెలియక భీష్ముని చెంతకు పోలేదు. యక్షుని కిచ్చినవి తెలిసినవాని యుత్తరములు. భీష్ముని నడిగినవి తెలిసియు తప్పినవాని ప్రశ్నలు. ఉపదేశించు గురువును అట్టివాడే. ఒకనాడు సభలో ఉత్తర మీయలేకపోయిన వృద్ధుడు, శరతల్పముపై పడి, కృష్ణుని యనుగ్రహమున బాధ తీరిన పిదప నోరు విప్పెను. అనుభవమున పండిన గురువు, అనుభవమున నలిగిన శిష్యుడు కలిసినప్పుడే ఆ బోధ సార్థకమైనది. వ్యాసభారతమున అతివిస్తృతమైన శాంతిపర్వమును తిక్కన ఆఱాశ్వాసములకు కుదించెను. అంత సంగ్రహించియు విడువకుండుటకు ఈ యౌచిత్యమే కారణమని తలంతుము.

బోధ ఫలించెననుటకు తార్కాణము ధర్మరాజు పలుకులలో కాక చేతలలో నున్నది. ఆతడు అడవికి పోక ముప్పదియాఱేండ్లు రాజ్యభారము వహించెను. మహాప్రస్థానమున వెంటవచ్చిన కుక్కను విడిచి రథ మెక్కుమని ఇంద్రుడు కోరగా సమ్మతింపలేదు. దారిలో కూలిన ద్రౌపదిని, తమ్ములను విడిచి నడచినవాడు కుక్కను విడువలేడా యని సందేహము కలుగును. దీనికి సమాధానము వ్యాసభారతమున స్పష్టముగా నున్నది: మృతులైన వారిని బ్రదికించుట తనకు శక్యము కాదు, బ్రదికియుండగా వారిని తాను విడువలేదు. తుదకు నరకమున తనవారి యార్తధ్వనులు విని, తన యునికి వారికి ఊరట యని తెలిసి, స్వర్గమును కాదని అచ్చటనే నిలిచెను. నమ్మినవారిని పణముగా పెట్టినవాడు నమ్మినవారికై తన స్వర్గమును పణముగా పెట్టినాడు. సభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు ఇది యాలస్యముగా వచ్చిన యుత్తరమని మా భావము.

ఈ చరిత్రము తెలుగున ముగ్గురు కవుల చేతిమీదుగా నడచినది. జూదమును పదునొకండవ శతాబ్దమున నన్నయ రచించెను. ముగింపును పదుమూడవ శతాబ్దమున తిక్కన రచించెను. యక్షప్రశ్నలతో కూడిన అరణ్యపర్వశేషమును పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. అనగా ఆద్యంతములు రెండును కన్నులయెదుట నుండగా ఎఱ్ఱన నడిమిభాగమును సంధించెను. ఈ యతుకునందు ధర్మరాజు పాత్ర యేకత్వ మెట్లు నిలిచినదో శైలీదృష్టితో పరిశోధించుట విద్యార్థులకు ఫలవంతమైన పని.

బోధకులమైన మనకు ఇందు గ్రహింపవలసిన దొకటి కలదు. పాఠ్యభాగముగా ఒక్క పర్వమునే చదివించినప్పుడు ధర్మరాజు నిర్దోషియైన బొమ్మగానో, జూదరిగానో మిగులును. ఆతని తప్పులను దాచినచో ఆతని పెద్దఱికమునకు మూలము తెలియదు. తప్పులతోనే నిలిపివేసినచో ఆ తప్పులు దేనికి ఎరువైనవో తెలియదు. సభాపర్వము చదివించునపుడు స్వర్గారోహణమును సూచించియైన చెప్పుట మన విధి.