పరదా వెనక పళ్లెం, అద్దం వెనక గ్లాసు

నాగోలు–రాయదుర్గం మెట్రో లైను హైదరాబాదు తూర్పు శివారును పడమటి శివారుతో కలుపుతుంది. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట దాకా, 2019 నవంబరుకు రాయదుర్గం దాకా రైలు నడిచింది. తార్నాకలోనో మెట్టుగూడలోనో కాపురముండే జంట శనివారం సాయంత్రం స్టేషను మెట్లెక్కి, ఎటువైపు ప్లాట్‌ఫాం మీద నిలబడాలా అని ఇప్పుడు నిజంగానే తర్జనభర్జన పడొచ్చు. తూర్పుకు పోతే ఉప్పల్, నాగోలు, అక్కణ్నించి ఎల్బీ నగర్: వీధికో మండీ హోటలు. పడమరకు పోతే గచ్చిబౌలి, కొండాపూర్: బీరు అక్కడికక్కడే కాచి పోసే బ్రూవరీలు. ఇద్దరే కూర్చుని ఒక పూట గడపడానికి ఈ రెండింటిలో ఏది మేలన్నదే ఇక్కడ ప్రశ్న.

బరిలోకి రావాల్సినవి ఇంకా ఉన్నాయి గాని వాటిని గడప దగ్గరే ఆపేస్తున్నాను. 'బార్ అండ్ రెస్టారెంట్' అని బోర్డుండి, మేడ మీద 'ఫ్యామిలీ సెక్షన్ ఏసీ' అని బాణం గుర్తు వేసుండే చోట్లలో తిండి తరచు బాగానే ఉంటుంది. ఆ మెట్లెక్కేటప్పుడు కింది హాలులోని మగవాళ్లంతా తలెత్తి చూసే ఆ పది అడుగులకే ఆడమనిషికి సాయంత్రం సగం చేదవుతుంది. హైవే ధాబాలకు కారుండాలి, తిరిగొచ్చేటప్పుడు లారీల మధ్య రావాలి. ఇరానీ హోటలు నాకు ప్రాణం. కాని అక్కడ చాయ్ తాగాక కూర్చునే అర్హత ఒంటరి పెద్దమనుషులకే ఉంటుంది.

ఇక మండీ. ఇది హైదరాబాదుకు కొత్త కాదు, శివారుకు కొత్త. చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే బార్కస్‌లో, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులుంటారు. వాళ్ల ఇంటి వంట ఇది. సంప్రదాయంగా అయితే నేలలో తవ్విన గుంతపొయ్యిలో నిప్పుల మీద బియ్యం గిన్నె, దాని పైన మాంసం ఉంచి మూత బిగిస్తారు. కొవ్వు కరిగి చుక్క చుక్కగా అన్నంలోకి దిగుతుంది. మసాలా తక్కువ, కారం దాదాపు లేదు. బార్కస్ నుంచి అది టోలిచౌకికి, అక్కణ్నించి నగరం నాలుగు వైపులకూ, ఆ పైన విజయవాడ, కర్నూలు, విశాఖలకూ పాకింది. పాకే దారిలో మారింది కూడా. బిర్యానీ తిని పెరిగిన నాలుకకు మండీ మొదట చప్పగా తోస్తుంది, పక్కన సాలన్ ఏదని అడగబుద్ధవుతుంది. అందుకని శివారు హోటళ్లవాళ్లు ఎర్రటి టమాటా చట్నీ ఒక గిన్నెలో, తెల్లటి మయోనీజ్ ఇంకో గిన్నెలో పెట్టి, 'జ్యూసీ' అని ఒక రకాన్ని పుట్టించి, మాంసానికి మసాలా ముద్ద దట్టించి మన దారికి తెచ్చుకున్నారు. అన్నిచోట్లా గుంతపొయ్యి ఉంటుందని మాత్రం ఆశపడకండి.

ఆ తెల్ల గిన్నె దగ్గర ఒక మాట. హైదరాబాదులో మోమోలు తిని జనం జబ్బుపడ్డాక, పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది. గడువు సంగతి ఎలా ఉన్నా, "ఇది గుడ్డుతో చేసిందా, లేకుండానా?" అని అడగడానికి ఎదుటిమనిషి ముందు మొహమాటపడొద్దు.

వంట కన్నా ఇక్కడ అసలు విశేషం కూర్చునే తీరు. చెప్పులు విప్పి, ఎత్తు తక్కువ బల్ల చుట్టూ పరుపుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. పక్క జట్టుకూ మనకూ మధ్య చెక్క అడ్డుగానీ పరదాగానీ ఉంటుంది. వెడల్పాటి పళ్లెం ఒక్కటే వస్తుంది. అన్నం మీద మాంసం, వేయించిన ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, ఒక్కోచోట ఉడికించిన గుడ్డు. ఇద్దరూ అందులోంచే తినాలి. పెళ్లిలో బువ్వం బంతి చూసినవాళ్లకు ఈ ఏర్పాటు బాగా తెలిసిందే. ఎంగిలి అంటూ చిన్నప్పుడు అన్నదమ్ముల మధ్య కూడా పెట్టిన హద్దును, ఆ ఒక్క రోజు అందరి సమక్షంలో చెరిపేసి, చుట్టూ చేరిన చుట్టాలు వేళాకోళాలాడుతుంటే తినిపించుకునే తంతు అది. మండీ హోటలు అదే పని చుట్టాలు లేకుండా చేయిస్తుంది.

కాబట్టే తొలి పరిచయానికి అది ఎక్కువైపోతుంది. ముద్ద ఎంత పెద్దది చేస్తారు, మంచి ముక్కను ముందు తన వైపు లాక్కుంటారా, ఎదుటివైపు తోస్తారా, ఎముక చప్పరిస్తే చప్పుడు వస్తుందా అన్నవి మూడో నెలలో తెలిస్తే చాలు. ఇక్కడ పావుగంటలో బయటపడతాయి. మనిషిని త్వరగా తెలుసుకోవడం మంచిదే కదా అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తెలుసుకోవడానికి ఒక వరస ఉంటుంది.

పైగా పరదా. కొత్తగా కలిసిన ఇద్దరిలో పరదాను కోరుకునేది సాధారణంగా ఒకరే. రెండోవాళ్లు చెప్పులు ఎక్కడ విప్పామో గుర్తుపెట్టుకుంటూ కూర్చుంటారు. అమ్మాయి వైపు నుంచి చూస్తే మొదటిసారి వెళ్లే చోటుకు ఉండాల్సిన గుణం ఏమిటి? నచ్చకపోతే, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా లేచి వెళ్లిపోయే వీలు. బాసింపట్టు మీంచి, నూనె చేత్తో, పరదా తప్పించుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్లడం తేలిక కాదు.

బ్రూవరీ గెలిచేది సరిగ్గా ఇక్కడే. ఎత్తు స్టూలు, వెలుతురు, నలుగురూ తిరిగే దారి, బయట క్యాబులు. ఆడమనిషి గ్లాసు పట్టుకుంటే తలలు తిరగవు. ఇది చిన్న సంగతి కాదు. బార్ అండ్ రెస్టారెంట్లు ఇన్నేళ్లలో ఇవ్వలేకపోయింది ఇదే. మైక్రోబ్రూవరీల నిబంధనలు తెలంగాణలో 2015లో వచ్చాయి. ఆ తర్వాతే ఈ అద్దాల గోడలూ, వాటి వెనక మెరిసే స్టీలు ట్యాంకులూ లేచాయి. సీసా బీరులా ఇక్కడి బీరును నెలలపాటు నిలవ ఉంచరు. వడపోయని గోధుమ బీరు మసకగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే అరటిపండు, లవంగం వాసన తగులుతుంది. అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. జర్మన్ల దగ్గర్నుంచి వచ్చిన ఆ రకం ఈస్టు పులిసేటప్పుడు పుట్టించే వాసనలవి. మాట కలపడానికి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. ఇంకా మంచిది శాంప్లర్: చిన్న చిన్న గ్లాసుల్లో తలా కాస్త గోధుమ బీరు, నల్లటి స్టౌట్, చేదు ఐపీఏ, యాపిల్ సైడర్. "ఇది నీకు నచ్చదేమో," "ఏదీ, చూడనీ" అనుకుంటూ గ్లాసులు మార్చుకోవచ్చు. ఎంగిలి గీతను ఇక్కడా దాటొచ్చు. ఎప్పుడు దాటాలో ఎవరికి వాళ్లు నిర్ణయించుకుంటారు, పళ్లెం నిర్ణయించదు. తాగే అలవాటు లేనివాళ్లు నిమ్మసోడాతో కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు. తాగాలంటే మాత్రం 21 ఏళ్లు నిండాలి, గుర్తింపు కార్డు అడిగితే చిన్నబుచ్చుకోకూడదు.

తిండి విషయంలో మాత్రం బ్రూవరీకి పాస్ మార్కులే. మన కోడి వేపుడు అక్కడికి వచ్చేసరికి నాలుగు ముక్కలై, పుల్ల గుచ్చుకుని, సాసు చుక్కల మధ్య నిలబడుతుంది. ఆకలితో వెళ్లినవాళ్లు ఆకలితోనే లేస్తారు.

పెద్ద లోపం మోత. శుక్ర, శనివారాల్లో డీజే మొదలయ్యాక ఎదురుగా ఉన్న మనిషి పెదాలు కదలడం తప్ప మాట వినిపించదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఆ నిబంధనను నిజంగా పాటించే మేడ మీద చోటు దొరికితే 10 తర్వాతే అసలు కబుర్లు మొదలవుతాయి. ఐపీఎల్ నెలల్లో ఇంకో బాధ. గోడంత తెర మీద మ్యాచ్ నడుస్తుంటే మనిషి కన్ను భుజం మీదుగా వెనక్కి జారుతూనే ఉంటుంది. వెళ్లాల్సిందే అయితే తెరకు వీపు పెట్టి కూర్చునే కుర్చీని మగవాళ్లే తీసుకోవాలి. మంగళ, బుధవారాల సాయంత్రం ఆరున్నరకు మాత్రం ఇవే చోట్లు ఎంత బాగుంటాయో! ఇంకో చిక్కు, పెళ్లిరోజు అక్టోబరు 2న పడ్డ దంపతులకు బ్రూవరీ యోగం లేదు. ఆ రోజు డ్రై డే. మండీవాళ్ల చిక్కు రంజాన్ నెలలో వస్తుంది. సాయంత్రాలు ఇఫ్తార్ జనంతో, హలీం గిరాకీతో కిటకిటలాడే చోట ఇద్దరికి మూల దొరకదు, దొరికినా తొందరపెడతారు.

ఇంతదాకా చదివి బ్రూవరీ వైపు మొగ్గాననుకుంటే, అది తొలి పరిచయాల వరకే. పెళ్లయి ఏడెనిమిదేళ్లయి, పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి, మూడు గంటలు సంపాదించుకున్న జంట సంగతి వేరు. వాళ్లకు లేచి వెళ్లిపోయే వీలు అక్కర్లేదు. లేవలేని చోటు కావాలి. ఇంట్లో ప్రతి పది నిమిషాలకూ ఎవరో ఒకరు లేస్తూనే ఉంటారు, కుక్కరు కోసమో కాలింగ్ బెల్ కోసమో. మండీ బల్ల దగ్గర కాళ్లు మడిచి కూర్చున్నాక లేవబుద్ధి కాదు. చేతికి నెయ్యి, కొవ్వు అంటాక ఫోను ముట్టుకోవడం కుదరదు. బ్రూవరీలో ఫోను గ్లాసు పక్కనే, మూడో మనిషిలా, ముఖం పైకి పెట్టి పడుకుని ఉంటుంది. ముందు గ్లాసు ఫొటో, తర్వాత ఇద్దరి ఫొటో, తర్వాత ఆ ఫొటోకు ఎవరేమన్నారో చూసుకోవడం. మండీలో కుడిచెయ్యి కడుక్కునేదాకా ఈ బెడద లేదు. దానికి తోడు అక్కడ మెనూ చదవాల్సిన పని కూడా తక్కువే. మటనా చికెనా, బొగ్గుల మీద కాల్చిన ఫహమా జ్యూసీయా అన్నది తేలితే ఇక అడగడానికేం ఉండదు. మిగిలిన సమయమంతా ఇద్దరిదే. మాట్లాడకపోయినా ఫరవాలేదు. అన్నం కలుపుకుంటూ ఊరుకుంటే ఎబ్బెట్టుగా ఉండదు. బీరు గ్లాసు ముందు ఊరుకుంటే మాత్రం ఏదో జరిగిందనుకుంటారు.

మన శివార్లలో జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. కొత్త జంటలు పరదాల కోసం ఎల్బీ నగర్ వెతుక్కుంటూ వెళ్తున్నాయి. పాత జంటలు తమకింకా వయసుందని తేల్చుకోవడానికి గచ్చిబౌలి మోతలో కూర్చుంటున్నాయి. మొదటివాళ్లది అర్థం చేసుకోగలను. చూసినవాళ్లు ఇంట్లో చెబుతారన్న భయం, ఫిబ్రవరి 14 వస్తే జంటలను తరిమే మూకల భయం వాళ్లను పరదా వెనక్కు నెడుతున్నాయి. తప్పు వాళ్లది కాదు. రెండోవాళ్ల మీద నాకంత జాలి లేదు.

మండీని అంత పొగిడాక దానికున్న పరిమితులు కూడా ఒప్పుకోవాలి. జంటలో ఒకరు శాకాహారి అయితే ఆ ఏర్పాటు కూలిపోతుంది. పనీర్ మండీ దొరకొచ్చు గాని రెండు పళ్లేలు వచ్చిన క్షణం అది మామూలు హోటలే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, బిగుతు జీన్స్ వేసుకున్నవాళ్లకు గంటసేపు నేల మీద కూర్చోవడం శిక్ష.

బిల్లు దగ్గరా రెండింటి స్వభావం బయటపడుతుంది. మండీలో ఇద్దరికి మూడంకెల్లోనో, వెయ్యి దాటీ దాటకనో తేలిపోతుంది. అదీ పళ్లెం ఒక్కటే కాబట్టి ఎవరెంత తిన్నారన్న లెక్క లేదు. బ్రూవరీలో నాలుగంకెలు ఖాయం, చివర ఒక్కోచోట సర్వీసు ఛార్జి కూడా. వినియోగదారులు అడగకుండా దాన్ని కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. కాని కొత్తగా కలిసిన మనిషి ముందు పదిశాతం కోసం వెయిటర్‌తో వాదించేదెవరు? ఆ మొహమాటమే వాళ్ల పెట్టుబడి. మెచ్చుకోవాల్సిన జంట ఏదంటే, ఆ గీత కనబడగానే ఇద్దరిలో ఒకరు నవ్వుతూ "ఇది తీసేయండి" అనగలిగినది.

తిరుగు ప్రయాణంలో పడమటి శివారుకు ఇబ్బందులెక్కువ. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉండి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద నేరం. వారాంతాల్లో పోలీసులు గొట్టం పట్టుకుని నిలబడే రోడ్లలో గచ్చిబౌలివి తప్పక ఉంటాయి. ఒక్క మగ్గే కదా అన్న లెక్క అక్కడ చెల్లదు. బండి ఇంటి దగ్గరే వదిలి మెట్రోలో వెళ్లడం ఉత్తమం, చివరి రైలు వేళ ముందే చూసుకుని. తూర్పున ఆ భయం లేదు. ఉన్నదల్లా కొవ్వు కలిసిన అన్నం తెచ్చే నిద్ర మత్తు. స్కూటరు మీద వచ్చినవాళ్లు బయటి బండి దగ్గర ఒక చాయ్ తాగి బయల్దేరితే మంచిది.

నాగోలు వైపే వెళ్దామనుకుంటే ముందుగా ఒక ఫోను చేయండి. కింద కూర్చునే చోటు ఇద్దరికి ఇస్తారా, లేక పెద్ద కుటుంబాలకే అట్టిపెడతారా అని కనుక్కోండి. ఆదివారం రాత్రి 8 దాటాక ఇద్దరే వస్తే చాలాచోట్ల బయటి కుర్చీల వైపు చూపిస్తారు. శనివారమైనా, ఆదివారమైనా ఏడింటికే వెళ్లిపోండి.