ఉబ్బెడి సిమెంటు

కాంక్రీటు ఎండుకొలది కుంచించుకొనుననుట ఇల్లు కట్టించిన ప్రతివానికిని అనుభవమే. మీటరు పొడవున అర మిల్లీమీటరుకు అటునిటుగా కలుగు ఈ సంకోచమును పునాదియో, గోడయో, లోపలి కమ్మియో అడ్డగింపగా, నొక్కుడుకు తప్ప లాగుడుకు ఓర్వలేని ఆ పదార్థము నెఱ్ఱె విచ్చును. యంత్రముల బేస్ ప్లేటు క్రింద పోసిన గ్రౌటైతే పైకి నిండుగా కనబడుచునే లోలోపల పలకను విడిచి క్రుంగును. ఆపై మోటారు తిరిగినపుడెల్ల బోల్టులు అదరుట నేను చూచుచునే యున్నాను.

దీనికి ప్రతిక్రియగా ముందే ఉబ్బెడి సిమెంటును కల్పించిన వారి యుక్తి నాకు నేటికిని ఆశ్చర్యకరము. ఏలయన, అల్యూమినేటును సల్ఫేటును నీటితో కలిసి సూదులవలె పెంచెడి ఎట్రింగైటు అను స్ఫటికము, 1892లో విల్‌హెల్మ్ మిఖాయేలిస్ దృష్టిలో, కాంక్రీటును లోననుండి చీల్చు 'సిమెంటు బాసిల్లస్' మాత్రమే. ఆ రోగబీజమునే రెండవ ప్రపంచయుద్ధమునకు అటునిటు ఫ్రాన్సులో ఆన్రీ లోస్యే ఔషధముగా మలచబూనెను. తరువాత బర్కిలీలో అలెగ్జాండర్ క్లైన్, కాల్షియం సల్ఫోఅల్యూమినేటు నాధారముగా గొని, ఆ యుబ్బును అదుపులోనికి తెచ్చెను. నేడు కె-రకమని వ్యవహరింపబడునది అదియే.

అయితే, ఉబ్బుట ఒక్కటియే ప్రయోజనకారి కాదు. కాంక్రీటు ఉబ్బుచు తనను పట్టియున్న కమ్మిని సాగదీయును, సాగిన కమ్మి తిరిగి కాంక్రీటును నొక్కును; పిమ్మట ఎండినపుడు కలుగు సంకోచము తొలుత ఈ నొక్కుడును సడలించుటకే ఖర్చగును గనుక పగులు పుట్టదు. కమ్మి లేనిచోట ఆ యుబ్బు వట్టి యుబ్బే, పైగా బలహీనత. గట్టిపడకమున్నే ఉబ్బినచో మెత్తని ముద్దలో వ్యర్థమగును, మిక్కిలి గట్టిపడిన పిదప ఉబ్బినచో చీల్చును. తడిగా నుంచిన తొలివారమే దానికి తగిన కాలము. (చిటికెడు అల్యూమినియం పొడితో హైడ్రోజను బుడగలు పుట్టించి గ్రౌటును పొంగించు పద్ధతి వేఱు, అది పచ్చిగా నున్నపుడే ముగియును, ఎండునాటి సంకోచమునకు దిక్కు కాజాలదు.)

ఎట్రింగైటు ఒక్కొక్క అంశమున 32 నీటియణువులను ఇముడ్చుకొనును గనుక, పోసిన పిదప తడి తప్పనిసరి. మా మేస్త్రీలు మాత్రము, జారుడుగా పోవుటకని కలుపునపుడు చెప్పిన కొలతకు మించి ఒక చెంబెడు నీరు ఒంపి, పోసిన పిదప క్యూరింగు మాట ఎత్తగానే, "నాన్ ష్రింక్ అని బస్తా మీదనే రాసుంది గదండీ, ఇంక నీళ్లెందుకు?" అందురు. ఆ వారమంతయు తడిగోనెలు తీయనీయక కాపలా కాయుట నా యుద్యోగధర్మములలో నొకటైపోయినది.