మిషను పాడిన రేల పాట

ఈమధ్య తాడేపల్లిగూడెంలో మేము కూర్చున్న చోట ఓ కుర్రాడు ఫోన్ తీసి పాట వినిపించాడు. బుట్టాయగూడెం మండలం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న కోయ పిల్లవాడే. ఏఐ యాప్‌ని రేల పాట కావాలని అడిగితే నిమిషంలో కట్టి, పాడి ఇచ్చిందట. పేరులో గూడెం ఉన్నా రేల పాట వినబడని టౌను ఇది. అందుకే కాబోలు, అందరం చెవులు రిక్కించాం.

పాట బాగానే ఉంది. అదే మా ఇబ్బంది. డోలు దెబ్బ ఉంది, వెన్నెల ఉంది, ఇప్పచెట్టు కింద ఎదురుచూసే పిల్ల ఉంది. ఒకటే గొంతు మొదటి నుంచి చివరిదాకా తడబడకుండా పాడుతుంది. మన ఆడవాళ్లు అలా పాడరు. ఒకామె ఎత్తుకుంటుంది, చేతులు పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్లు అందుకుంటారు. అడుగు తప్పితే నవ్వులు. భూమి పండగ రోజుల్లో దారికి అడ్డంగా నిలబడి బండ్లు ఆపినప్పుడు, బండిలో ఉన్నవాణ్ని చూసి అప్పటికప్పుడు ఓ మాట కడతారు. డబ్బులివ్వకపోతే ఇంకో మాట. మిషను పాటలో ఎదుట మనిషి లేడు. రేల అన్న మాట తప్ప కోయమాట ఒక్కటీ లేదు. ఇది మన పాటలు విని నేర్చింది కాదు, సినిమాల్లో అడవి పాటలు విని నేర్చింది అన్నారు మాలో ఒకరు.

కావచ్చు. కానీ బండి ఆగినప్పుడల్లా కిటికీల్లోంచి ఫోన్లు కూడా బయటికొస్తాయి. సాయంత్రానికి ఆ పాట యూట్యూబులో ఉంటుంది, ట్రైబల్ డాన్స్ అన్న పేరుతో. పాడినామె పేరుండదు, ఊరుండదు. ఏయే పాటలు మేపి మిషన్లను పెంచారో కంపెనీలు మనకు చెప్పవు.

తెలుగులో ఈ గొడవ పెద్దగా వినబడింది బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు విషయంలో. ఆయన 2020లో పోయారు. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఆయన గొంతును ఏఐతో పలికించారని, తమను అడగలేదని కొడుకు చరణ్ నోటీసు పంపిన సంగతి 2024 మొదట్లో బయటికొచ్చింది. క్షమాపణ, నష్టపరిహారం, రాయల్టీలో వాటా అడిగారు. అదే రోజుల్లో రెహమాన్ 'లాల్ సలాం'లో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు కూడా ఇచ్చామని చెప్పారు. చరణ్ అడగడం న్యాయమే. అయితే ఆయన అడగగలిగింది ఆ గొంతుకు ఒక పేరు, ఆ పేరుకు ఒక వారసుడు ఉన్నారు కాబట్టి. 2025 డిసెంబరులో కేంద్రంలోని డీపీఐఐటీ కమిటీ పెట్టిన ప్రతిపాదనా అలాంటిదే: కంపెనీలు రచనలను మిషన్ శిక్షణకు వాడుకోవచ్చు, హక్కుదారులకు రాయల్టీ కట్టాలి. రేల పాటకు హక్కుదారుగా ఎవరి పేరు రాస్తారు?

1957 కాపీరైట్ చట్టం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు లెక్క కడుతుంది. ఊరంతా కట్టిన పాటకు ఆ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? పాడే మనిషికి మాత్రం ఆ చట్టంలోనే ఓ ఆసరా ఉంది. 1994 సవరణతో వచ్చిన ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది. దారిలో నిలబడి పాడే మన అక్క కూడా చట్టం దృష్టిలో గాయనే. ఆమెను అడిగి రికార్డు చేసినవాణ్ని మేమింకా చూడలేదు.

ఊరికి ఉన్న ఆసరా వేరే చట్టంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అంటే మనకు పోడు పట్టానే గుర్తొస్తుంది. అందులోనే 3(1)(కె) ఉంది: జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన మేధోసంపత్తి మీద, సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి హక్కు. సామూహిక హక్కుల దరఖాస్తు ఫారం-బిలో దానికో గడి కూడా ఉంది. మేము చూసిన దరఖాస్తుల్లో ఆ గడి ఖాళీ. పాట దానికిందికి వస్తుందా రాదా అని రేపు లాయర్లు వాదించుకోవచ్చు. ముందు మనం రాసి ఇవ్వాలి కదా. 1996 పేసా చట్టం 4(డి) ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభకే ఇచ్చింది. మన గ్రామసభల్లో రోడ్డు, బోరు, పింఛను తప్ప పాట మాట ఎప్పుడైనా వచ్చిందా?

మిషను వద్దని మేము అనడం లేదు. 2025లో సర్కారు తెచ్చిన ఆదివాణి అనువాద యాప్ మొదటి విడతలో గోండీ ఉంది, కోయ లేదు. బడిలో కోయ పిల్లలకు పాఠం చెప్పే టీచర్లకు అలాంటిది ఎంత అవసరమో వాళ్లకే తెలుసు. న్యూజిలాండులో మావోరీల రేడియో సంస్థ తే హికు తమ పెద్దల మాటలు తామే రికార్డు చేసి, మావోరీ మాట వినే మిషను తామే తయారుచేసుకుంది. ఆ రికార్డులను బయటి కంపెనీల చేతికి ఇవ్వలేదు.

మేము ఆ పని చేయలేదు. నిరుడు ఓ కాలేజీ పిల్లలు కోయ మాటలు, పాటలు రికార్డు చేసుకుంటామని వస్తే, భాష బతుకుతుందని సంబరపడి రెండు రోజులు ఇంటింటికీ తిప్పాం. పిల్లలు మంచివాళ్లు, వినయంగా ఉన్నారు. ఒక పెద్దమ్మ చావింట తప్ప పాడని పాట కూడా పాడింది. పాడే ముందు మా మొహాలు చూసింది. మేమే తలూపాం. కాగితం రాసుకోలేదు, ఫైళ్లు ఎక్కడ పెడతారని అడగలేదు.

ఆ పెద్దమ్మ ఇప్పుడు లేదు. మొన్న వాళ్ల కూతురిని అడిగాం. "మిగతావి ఉండనీయండి. ఆ ఒక్క పాట తీసెయ్యమనండి," అంది. ఉత్తరం రాశాం. ఆ పిల్లలు చదువైపోయి వెళ్లిపోయారట. ఎవరికి పంపాలో వెతుకుతున్నాం.