ఎంత కడిగినా వదలని కైనేజ్

కణం పొరలో ఇరుక్కుని ఉండి బయటి సంకేతాలను అందుకునే రిసెప్టర్‌ను చెడకుండా బయటికి తీయడం బయోకెమిస్ట్రీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ట్రైటాన్ లాంటి డిటర్జెంట్ తక్కువైతే అది పొరను వదలదు, మరీ ఘాటైన డిటర్జెంట్ వాడితే ఆకారం చెడి దేనికీ పనికిరాదు. 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో వేళ్లు కొంకర్లు పోతున్నా పిపెట్‌ను నిదానంగా వదలాలి, నురగ రాకూడదు.

ఈ విద్యలో నాకు గురుతుల్యులు అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్టాన్లీ కోహెన్. కణాలను ఎదగమని ఆదేశించే ఈజీఎఫ్ అనే 53 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను కనిపెట్టింది ఆయనే. దాని రిసెప్టర్ కోసం ఆయన బృందం ఏ431 కణాలను ఎంచుకుంది. 85 ఏళ్ల మహిళ కణితి నుంచి పెంచిన కణాలవి. ఒక్కోదాని మీద ఈ రిసెప్టర్లు 20 లక్షలకు పైనే. ఎరవేసి చేపను పట్టినట్టు, ఈజీఎఫ్‌ను జెల్ పూసలకు అంటించి, కరిగించిన పొరను వాటి మీదుగా పోశారు. మిగతా ప్రోటీన్లన్నీ జారిపోయాయి. పూసలను పట్టుకున్నదాన్ని క్షార ద్రావణంతో విడిపించారు.

1980లో చిత్రమైన సంగతి బయటపడింది. రిసెప్టర్ వెంటే కైనేజ్ చర్య, అంటే ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి ప్రోటీన్లకు తగిలించే గుణం, కూడా వచ్చింది. ఎంత కడిగినా పోలేదు. మలినమని కొట్టిపారేయడం తేలిక. కోహెన్ బృందం అలా అనుకోలేదు, రెండూ ఒకే ప్రోటీన్‌వి కావచ్చని పట్టుబట్టి వెంటపడింది. ఆ ఫాస్ఫేట్ టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద పడుతోందని అదే ఏడాది తేల్చింది. మొదట్లో జెల్ మీద 1,50,000 డాల్టన్ల దగ్గర కనిపించిన గీత కూడా అసలు రిసెప్టర్ కాదు, కాల్షియం తగిలితే చురుకయ్యే ప్రోటియేజ్ కొరికేయగా మిగిలిన ముక్క. ఆ కోతను ఆపితే 1,70,000 డాల్టన్ల దగ్గర నిండు ప్రోటీన్ కనబడింది. శుద్ధి అంటే పోగొట్టడమే కాదు, ఉన్నదాన్ని కాపాడటం కూడా. ఈ రెండోదే కష్టం.

1984లో బ్రిటన్ శాస్త్రవేత్తలు శుద్ధి చేసిన ఈ రిసెప్టర్ ముక్కల వరుస చదివితే, కోళ్లకు రక్త కాన్సర్ తెచ్చే వైరస్‌లోని ఆంకోజీన్ (కాన్సర్ కారక జన్యువు) తయారుచేసే ప్రోటీన్‌తో సరిపోలింది. కణాల వృద్ధి కారకాల పరిశోధనకు 1986లో కోహెన్‌కు, ఆ రంగంలోనే పనిచేసిన రీటా లెవీ మోంటాల్చినీకి నోబెల్ వచ్చింది.

ఇవాళ మన ఊళ్లలోనూ ఊపిరితిత్తుల కాన్సర్ రోగుల రిపోర్టుల్లో కనిపించే ఈజీఎఫ్ఆర్ ఈ ఈజీఎఫ్ రిసెప్టరే. జెఫిటినిబ్ మాత్ర అడ్డుకునేది ఆ వదలని కైనేజ్‌నే. ఎంఎస్సీ పాఠాలు చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒకటే: కిట్లు పక్కన పెట్టి, ప్రతి విద్యార్థి చేతా ఒక్క ప్రోటీన్‌నైనా మొదటి నుంచి చివరిదాకా శుద్ధి చేయించండి.