పుట్టుకతో వచ్చిన బుద్ధి: ఒక సామెతతో మా పేచీ

బడిలో సామెతల పాఠం వచ్చిన ప్రతిసారీ ఒకచోట మా గొంతు ఆగిపోతుంది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.’ దాని వెనకే కోతి బుద్ధి, నక్క జిత్తులు, పంది బురద వరుసగా వస్తాయి. పిల్లలు నవ్వుతారు. మాకు నవ్వు రాదు.

సామెత చెప్పినవాళ్లు జంతువును సరిగ్గా చూశారా అన్నదే మా మొదటి ప్రశ్న. మేం ఎరుకల వాళ్లం, పందుల మధ్య పెరిగినవాళ్లం. పందికి మనలా చెమటతో ఒళ్లు చల్లబడదు, అందుకే ఎండకు బురద వెతుక్కుంటుంది. ఈనే ముందు మంద విడిచిపోయి, గడ్డీ ఆకులూ నోట కరిచి తెచ్చి గూడు చేసుకుంటుంది. ఈనిన కొత్తలో రోజూ తవుడు పోసిన చేతి మీదికే ఎగబడుతుంది. స్కాట్లాండ్‌లో స్టోల్బా, వుడ్‌-గష్ అనే శాస్త్రవేత్తలు పెంపుడు పందులను చెట్లూ పొదలూ ఉన్న జాగాలో వదిలి చూస్తే అవీ గూళ్లు కట్టాయి. ఇంతవరకు సామెత గెలిచినట్టే, ఒప్పుకుంటాం. కానీ అదే పందిని ఉత్త సిమెంటు గచ్చు మీద ఉంచితే ఏం చేస్తుంది? ఆకు దొరక్క గచ్చునే కాళ్లతో గీరుతుంది. కోరిక పుట్టుకది, దాని రూపం తావుది. సామెతకు ఈ రెండో సగం తెలియదు.

ఇక కోతి. మా పెద్దమందడి మండలంలో పల్లి చేను వేసినవాళ్లను అడిగితే కోతుల మీద తిట్లే వినబడతాయి. ఆ కష్టం నిజం, రైతును తప్పుపట్టం. అయితే అడవిలో పండూ చిగురూ ఏరుకుంటూ పగలంతా తిరిగే జీవికి హైవే పక్కన అరటిపండ్లు విసిరిందెవరు? కర్ణాటకలోని బందీపూర్‌లో అడవి కోతులు మనుషుల ముందు కూత పెట్టి, చేయి చాపి తిండి అడగడాన్ని శాస్త్రవేత్తలు గమనించి 2018లో ప్రచురించారు. మరి అది కోతి బుద్ధా, మన అలవాటా? ఉత్తరాది పొట్టితోక కోతులు ఒకప్పుడు గోదావరి దాకానే ఉండేవి. ఇప్పుడవి దక్షిణానికి దిగి, మన పొడుగుతోక కోతుల జాగాలు ఆక్రమిస్తున్నాయి. మనుషులు ఒకచోట పట్టి ఇంకోచోట వదలడం కూడా దీనికి ఒక కారణమంటారు.

మనుషులను జంతువులతో పోల్చడం మాకు ఇష్టం లేదు. ఆ పోలిక వాళ్లే ముందు చేశారు గనుక రాస్తున్నాం. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాల పిల్లలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. 1911 తర్వాత అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చి ఎరుకల వాళ్లను పట్టుకుంది, స్టువర్టుపురంలో కాపలా మధ్య ఉంచింది. 1952లో చట్టం రద్దయింది. సామెత రద్దు కాలేదు. మా చిన్నప్పుడు ఒక బడిలో పెన్ను పోతే ముందు వెతికింది మా సంచులే. కోతి విషయంలోనే సగం తప్పయిన మాటను మనిషి మీద ఎట్లా రుద్దుతారు?

మేం ఆ సామెతను పాఠంలోంచి తీసేయలేదు. నోటుబుక్కులో దాని కింద నాలుగు గీతలు ఖాళీగా ఉంచి, మీరు చూసింది రాయండి అంటున్నాం. మొన్న ఐదో తరగతి పిల్ల రాసింది: ‘మా చేనికి కోతులు మేం సద్ది తినేటప్పుడే వస్తాయి. కుక్క ఉన్నరోజు గట్టు మీదనే కూర్చుంటాయి.’