ఊపిరి లెక్క

మొయినాబాద్‌లో మా యోగా టీచరమ్మ పని పైకి తేలిగ్గానే కనిపిస్తుంది. చాపలు పరిపించడం, వంగమనడం, లేవమనడం. దగ్గర నుంచి చూస్తే మాత్రం చేయి తిరిగిన పనితనం. శవాసనంలో పడుకున్న నా భుజం కింద రెండు వేళ్లు పెట్టి, "ఇక్కడ ఇంకా బిగబట్టే ఉన్నారండీ" అన్నారు. అప్పటిదాకా నాకే తెలీదు!

మొదలుపెట్టే ముందు మనసులో సంకల్పం చెప్పుకోమంటారు. చిలుకూరు పక్కనున్న ఊళ్లకు ఆ మాట కొత్తేం కాదు. హుండీ లేని ఆ బాలాజీ గుడిలో కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. కాగితం మీద అంకెలు కొట్టేసుకుంటూ నేనూ తిరిగాను. సగానికొచ్చేసరికి అంకెలే మిగిలాయి, మొక్కు దేనికో గుర్తులేదు. సూర్యనమస్కారాలూ అదే వరసలో లాగించేస్తుంటే ఆవిడ ఆపారు. "లెక్క నేను చూసుకుంటా. మీరు ఊపిరి చూసుకోండి."

చేవెళ్ల నుంచి బస్సులో వచ్చే పెద్దావిడకు మోకాళ్లు వంగవు. ఆమెకు కుర్చీ వేస్తారు. "మీ దారిలో మర్రిచెట్లున్నాయి కదా పెద్దమ్మా, వాటి కింద కూర్చున్నాననుకో" అంటారు, గొంతు బాగా తగ్గించి. పెద్దమ్మ కళ్లు మూసుకుంటుంది. చీరకొంగు బిగించి పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే వదులవుతాయి.